వేటకు ముందు అడిగిన టీసీ

వేసవి సెలవుల్లో మా జిల్లా పరిషత్ హైస్కూలు టీచర్లం గుంపుగా జువ్వలదిన్నెలో ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. మీ పిల్లల్ని మా బడికే పంపండి, పుస్తకాలిస్తాం, మధ్యాహ్నం అన్నం పెడతాం, ఇంగ్లీషు మీడియం కూడా ఉంది అని చెప్పేవాళ్ళం. మా అమ్మాయి మాత్రం కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది పూర్తి చేసి తొమ్మిదిలోకి వచ్చింది. ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ప్రతి గడప దగ్గరా గొంతు కాస్త పెంచి మాట్లాడేదాన్ని. ఎవరూ అడగలేదు.

అవి ప్రభుత్వం సముద్రంలో చేపల వేట ఆపించే రెండు నెలలు. మగవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. పెళ్ళిళ్ళు, ఇంటి మరమ్మతులు, పిల్లల్ని బడి మార్పించడాలు, అన్నీ అప్పుడే. బోట్లు కదిలాయంటే తండ్రి సంతకం కోసం రోజుల తరబడి ఆగాల్సిందే. బడి తెరిచిన రెండు మూడు రోజులకే వేట మొదలవుతుంది.

ఆ ఏడు బడి తెరిచిన రోజే ఒకాయన వచ్చాడు. ఆయన కూతురు నా క్లాసు పిల్ల, అదీ మా అమ్మాయిలాగే తొమ్మిదిలోకి వచ్చింది. ఆ పిల్ల పద్యం చదివితే పక్క గదిలో లెక్కల మాస్టారు కూడా సుద్దముక్క ఆపి వినేవాడు. టీసీ కావాలన్నాడు, కావలిలో చేర్పిస్తానన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పిల్లలు తగ్గితే పోస్టు ఎగిరిపోతుంది, నన్ను ఏ మూలకో వేస్తారు. అది సగం. మిగతా సగం, ఆ పిల్ల లేని క్లాసులోకి వెళ్ళడం నాకిష్టం లేదు. హెడ్మాస్టరు గారు మీటింగుకి వెళ్ళారు, రేపు రండి అన్నాను. మర్నాడు బీరువా తాళం కనపడలేదన్నాను. తాళం నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఇంకొక్క రోజు గడిస్తే ఆయన సముద్రం మీదుంటాడని నా ఎత్తు. నీతి పద్యాలు చెప్పే నోటితోనే అన్ని అబద్ధాలూ ఆడాను.

మూడో రోజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు.

"రేపు తెల్లారికి బోటు పోతుండాది మేడం. ఇయ్యాళన్నా ఇప్పించండి."

"ఇక్కడ ఏం తక్కువైందని మారుస్తున్నారు?" అన్నాను, కటువుగానే.

ఆయన నొచ్చుకోలేదు. "తక్కువేం లేదు మేడం. మీ పాప చదివే బళ్ళోనే చేర్పిస్తుండా. ఏ బడి మంచిదో మాకేం తెలుసు? మీరు టీచరు గదా, మంచీ చెడ్డా చూసుకునే చేర్పించుంటారు."

ఎత్తిపొడుపేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే నమ్మాడు. ఊళ్ళో అందరికీ తెలుసన్నమాట, తెలిసే ఎవరూ అడగలేదు. సిగ్గుతో నా మొహం వేడెక్కింది. బ్యాగులోంచి తాళం తీసి, ఆయన చూస్తుండగానే బీరువా తెరిచాను. టీసీ రాసి, హెడ్మాస్టరు గారి సంతకం చేయించి తెచ్చి ఇచ్చాను. తాళం గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయన ముందు నడిచాడు. పిల్ల గుమ్మంలో ఆగిపోయింది.

"మేడం, మీ పాప నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటదా?"

"ఎందుకు కూర్చోబెట్టుకోదు?" అన్నాను.

అది నవ్వుతూ పరిగెత్తింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ స్కూల్లో ర్యాంకులెన్ని, ఫలితాలెలా ఉన్నాయి అని అన్నీ విచారించే మా అమ్మాయిని చేర్పించాను. బోటు మీద వేటకు పోయే వాళ్ళ పిల్ల వచ్చి పక్కన కూర్చుంటే నా కూతురు జరిగి చోటిస్తుందో లేదో, అది మాత్రం నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. మూడు రోజుల నా అబద్ధాలతో సహా అంతా చెప్పాను. అమ్మ అబద్ధాలాడిందని వింటున్నప్పుడు దాని కళ్ళు పెద్దవయ్యాయి.

తర్వాత, "ఆ అమ్మాయి పేరేంటమ్మా?" అంది.