ఎవరూ వెనక నుంచి ఫోటో తీయని బండి

మా వియ్యంకుడు పోయాడు. వియ్యంకుడంటే మా కోడలి నాయన. పొద్దున్నే కోడలు ఫోను చేసి, "అత్తా, నాయన ఇంక లేడు" అంది. పాలవాడి కంటే ముందు మోగే ఫోను మంచికి మోగదని ఈ వయసుకు తెలుసు గనక, ఎత్తేముందే కూర్చున్నాను. పెనుకొండలో తన ఇంటి అరుగు మీద, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

ఆయన సంతాప సభలో, మిత్రులారా, మీరంతా మంచి మాటలే చెప్పారు. ఒక్కటి మాత్రం సరిదిద్దాలి. ఏళ్ళ తరబడి పిల్లల కాంపోజిషన్లు దిద్దిన చెయ్యి ఊరుకోదు. "తన పాత పికప్పు బండిని, ఒక్క బోల్టు కూడా మార్చకుండా, కంపెనీవాడు ఇచ్చినట్టే కాపాడుకున్న మనిషి" అన్నారు. తప్పు. ఇంజను వైపు ఆయన చెయ్యి పెట్టలేదు, నిజమే. మనుషులు కూర్చునే వైపు మాత్రం ఏదీ ఉన్నది ఉన్నట్టు వదల్లేదు. మీరంతా బండి ముందు నిలబడి చూశారు. నేను వెనక కూర్చుని ప్రయాణం చేశాను.

ఆ బండిని మొదటిసారి చూసింది, పెళ్ళి మాటలకు ఆయన హిందూపురం వచ్చిన రోజున. జీపు మూతి, వెనక తొట్టి. శనక్కాయ పొట్టు రాలుస్తూ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. నా నోరు ఊరుకోదు.

"ఏమప్పా, పిల్లనిచ్చేవాళ్ళు కారులో వస్తారు. మీరు శనక్కాయల బండిలో దిగినారే?"

"కారు బాడుగకు దొరుకుతాదక్కా. బాడుగ కారులో దిగితే, మీ ఇంట్లో అడుగు పెట్టకముందే అబద్ధం చెప్పినట్ల గదా."

ఆ మాటతోనే నేను సంబంధం ఖాయం చేసేశాను. మా ఆయన జాతకాలు చూడాలన్నాడు. చూసుకోమన్నాను.

ఆ ఇంజను తాగే పెట్రోలుతో ఒక సంసారం నడుస్తుంది. స్టీరింగు తిప్పితే భుజాలు ఊడి వస్తాయి. మా అబ్బాయి, ఆయనకు అల్లుడు, భోజనానికి కూర్చున్నప్పుడల్లా పోరేవాడు. "మామా, డీజిలు ఇంజను వేయిద్దాం. పవర్ స్టీరింగు పెట్టిద్దాం. సుఖంగా ఉంటాది."

"ఇంజను చేసినోడు నాకంటే తెలివైనోడబ్బా. ఆడ నేను చెయ్యి పెట్టను. కూచునేటోళ్ళ నడుములు ఎట్లుంటాయో మాత్రం వానికి తెల్దు. అది నాకు తెలుసు."

ఆ హద్దు ఆయన ఎన్నడూ దాటలేదు. ఇంజనులో చిన్న భాగం అరిగినా, అదే రకం దొరికేదాకా బెంగళూరు పాత సామాన్ల సందుల్లో తిరిగేవాడు. అంతవరకూ బండి టార్పాలిన్ కింద పడుకునేది. "ఇంట్లో మనిషికి జరమొస్తే ఇంత తిరగలేదు వదినా" అని మా వియ్యపురాలు నాతో మొరపెట్టుకునేది.

వెనక వైపు కథ వేరు. శనక్కాయ పీకే కాలంలో నల్లమాడ, ఓబులదేవరచెరువు వైపు కూలి ఆడవాళ్ళు ఆ బండిలోనే చేలకు పోయేవారు. చీర ఒక చేత్తో పట్టుకుని, టైరు మీద కాలు పెట్టి ఎక్కాలి. ఒకసారి ఒక పెద్దామె, కాలు అంత ఎత్తుకు లేవక సగంలో ఆగి, ఆయన్ను నిలదీసిందట.

"ఏమప్పా, మేము యాడ కాలు పెట్టాలని చెప్పినాడు నీ కంపెనీవాడు?"

మరునాడే ఆయన ధర్మవరంలో వెల్డింగు పెట్టించి బండి వెనక ఇనుప మెట్టు చేయించాడు. ఎండకు తొట్టి రేకు కాలుతోందని వేపచెక్క పలకలు పరిపించాడు. భార్య మోకాళ్ళు అరిగినాక, ఆమె పట్టుకుని ఎక్కడానికి ఎడమ తలుపు పక్కన ఒక పైపు ముక్క అతికించాడు. ఆ పైపు మీద రంగు నిలిచేది కాదు. ఆమె అరచేయి దాన్ని ఎప్పుడూ తోమినట్టే ఉంచేది.

ఒకసారి బస్సుల బందు రోజున ధర్మవరం స్టేషనులో దిగి ఆయనకు ఫోను చేశాను. బండి వచ్చింది, నిండా మనుషులతో.

"అక్కా, ముందు సీట్లో జరమొచ్చిన బిడ్డ ఉండాది. నువ్వు ఎనక కూచుంటావా? చదువుకున్నదానివి."

"చదువు కూచునే చోట ఉండదు లేప్పా. పోనీ."

ఆ మెట్టు మీద కాలు పెట్టి ఎక్కాను. ఎవరో నాకు ఒడిలోంచి వేయించిన శనక్కాయలు తీసి ఇచ్చారు. బయలుదేరేముందు ఆయన వెనక్కి వచ్చి, "చెంగులు లోపల పెట్టుకోండమ్మా" అని, అందరివీ చూసుకుని, తొట్టిని అరచేత్తో రెండు తట్లు తట్టి వెళ్ళాడు. దారిలో గుంత వచ్చే ప్రతిసారీ కిటికీలోంచి తల బయటపెట్టి "గుంతమ్మో!" అని అరిచేవాడు. మేము పలకలు పట్టుకునేవాళ్ళం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి నాతో ఆర్టీసీ బస్సులో వస్తూ కూడా అరిచాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, "నడిపేది నువ్వా నేనా పెద్దాయనా?" అన్నాడు.

ఆదివారాలు బెంగళూరు నుంచి పాత బండ్ల పిచ్చివాళ్ళు వచ్చేవారు. బానెట్ ఎత్తగానే చెప్పులు విడిచి నిలబడినవాణ్ణి నేను కళ్ళారా చూశాను. ముందు నుంచి ఫోటోల మీద ఫోటోలు తీసుకునేవారు. వెనక్కి వచ్చేసరికి ముఖాలు మాడేవి. "ఇంత మంచి బండిని వెనక పాడు చేసుకున్నారే సార్" అనేవారు.

"పాడు చేయలేదప్పా, వాడుకున్నాము" అనేవాడు మా వియ్యంకుడు. తరువాత మజ్జిగ ఇచ్చి పంపేవాడు.

ఈ మధ్య నాకు పోయినవాళ్ళ స్మృతులు రాయడమే ఉద్యోగమైపోయింది. ఈమెకు తెలుగు బాగా వచ్చు, చివరిదాకా ఉండనీ అని నా తోటివాళ్ళంతా కూడబలుక్కున్నట్టున్నారు. అలసిపోయాను. బండి సంగతి లేకపోతే ఇదీ రాసేదాన్ని కాదు.

మా మనవడు, ఆ కోడలి కొడుకు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తాతంటే వాడికి ప్రాణం. దినాలు అయిపోగానే బండిని హిందూపురంలో ఒక షెడ్డుకు చేర్చి, భోజనానికి మా ఇంటికి వచ్చాడు.

"అవ్వా, తాత పేరు నిలబెడతాండా. బెంగళూరులో పాత బండ్ల పోటీ ఉండాది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన దినం ఎట్లుండెనో అట్లే చేయిస్తాండా. ముందర తాత ఫోటో పెడతా."

"మెట్టు?"

"కోసేస్తారు. ఒరిజినల్లో మెట్టు లేదు గదవ్వా."

"ఒరిజినల్లో మీ తాత కూడా లేడు గదరా. ఇద్దరి చేతులు మారినాక ఆయన దాన్ని కొన్నాడు."

వాడు నవ్వాడు. నా నోటికున్న పేరుతో వచ్చిన చిక్కు ఇదే. నిజం చెప్పినా నవ్వేసి పోతారు.

"పెనుకొండ అవ్వను అడిగినావా?"

"అడిగినా. నీ ఇష్టం నాయనా అనింది."

ఆడవాళ్ళు 'నీ ఇష్టం' అంటే అర్థమేమిటో ఏ తరగతి వాచకంలోనూ లేదు. బండి నాది కాదు. వియ్యంకుల ఇంటి సొమ్ము గురించి అంతకు మించి మాట్లాడితే బాగుండదు. వాడికి ఇంకొంచెం పప్పు వేసి ఊరుకున్నాను.

బండి తిరిగి వచ్చిన రోజు నేను పెనుకొండలోనే ఉన్నాను. అబద్ధమెందుకు, అందంగా ఉంది. పెళ్ళికొడుకులా మెరుస్తోంది. వీధి వీధంతా చుట్టూ చేరింది. మెట్టు లేదు, పలకలు లేవు, పైపు లేదు. అవి ఉన్న చోట్లు కూడా పూడ్చి, రుద్ది, రంగు వేశారు. ఆ రోజు మా వియ్యపురాలు ధర్మవరంలో కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. మనవడు ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా అవ్వా, మొదట నువ్వే ఎక్కాల."

ఆమె నాతో ఏదో చెబుతూనే వచ్చి, అటు చూడకుండానే చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి గాలిలో మూసుకుంది.

ఆమె చెయ్యి దించి, అక్కడేదో అంటుకున్నట్టు చెంగుకు తుడుచుకుంది.

"కొత్త రంగు నాయనా, నా గోళ్ళు గీసుకుంటాయి. మేము బస్సులో పోతాంలే. పా వదినా."

ఇద్దరం ముసలివాళ్ళం బస్సులో పోయాము. దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "బండి చానా బాగుండాది వదినా. ఎవురో కొత్తోళ్ళ బండి మాదిరి" అంది.

తిరిగి వచ్చేసరికి మనవడు అరుగు మీదే, తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ ఉన్నాడు.

"పైపు మళ్ళా పెట్టిస్తే పోటీలో తీసుకోరు అవ్వా."

"తీసుకోరు."

తాళంచెవి తిప్పడం ఆపాడు. "పెట్టిస్తా. యాడ పెట్టాలో తెలీదు. పాతది ఇనుప అంగడికి పోయింది. రంధ్రాలు కూడా పూడ్చేసినారు. తాత ఏ కొలతా చెప్పిపోలే."

అప్పుడు నాకు జవాబిచ్చే ఓపిక లేక వెళ్ళి పడుకున్నాను. ఇప్పుడు చెబుతాను. తాత గురించి గనక వాడు ఇది తప్పక చదువుతాడు. మిగతా పాఠకులు క్షమించాలి.

అబ్బీ, టేపు తీసుకుపోవద్దు. మెట్టు, పలకలు తరువాత చూసుకుందాం, ముందు పైపు. జేబులో ఒక సుద్దముక్క వేసుకో. ఆమె రోజూ వేసుకునే చెప్పులతోనే బండి దగ్గరికి పిలుచుకురా. ఎంత ఎత్తులో కావాలని అడగవద్దు, ఎంతైనా పరవాలేదంటుంది. ఉల్లిగడ్డల ధర అడుగు. ఆమెకు కోపం వస్తుంది. ఆ కోపంలో ఉండగానే తలుపు తీసి ఎక్కమను. చెయ్యి దానంతటదే లేస్తుంది. అది ఆగినచోట గీత పెట్టు. కొత్త రంగు మీదే పెట్టు, జాలి పడకు. ఆమెను ఇంట్లో దిగబెట్టి, బండిని మెల్లగా హిందూపురం షెడ్డుకు తీసుకురా. ఆకాశం చూసి బయలుదేరు. సోమందేపల్లి దగ్గర చినుకు పట్టుకుంటే పక్కకు ఆపి దిగు. నువ్వు తడిసినా పరవాలేదు. వాన తెరిపిచ్చేదాకా ఆ గీత మీద నుంచి అరచేయి తీయకు.