మార్తత్త అడిగిన ఫోటో

దయ్యాల మాట వస్తే నవ్వి లేచిపోయే రకం నేను. కరీంనగర్‌లో చిన్న ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఫోటోలో వెనకాల నీడ మనిషి కావాలంటే కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చుని నేనే పెట్టేస్తాను. కాలేజీ పిల్లలు అడిగితే అలా చేసి ఇచ్చాను కూడా. పైగా మాది తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. ఇంట్లో ఎవరైనా దయ్యం కథ ఎత్తితే మా బాపు అన్నం ముందు నుంచి లేపేవాడు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా వీధిలో ఒకతను దుబాయ్ నుంచి వస్తూ ఒక కెమెరా తెచ్చాడు. అరచేతిలో ఇమిడేంత చిన్నది, కానీ ఖరీదైన రకం. లెన్స్ మార్చడానికి వీల్లేదు, జూమ్ లేదు. అమ్మే ఉద్దేశంతో నా దగ్గరికి తెచ్చి, "మూడొద్దులు నీ తాన పెట్టుకో అన్నా, వాడి సూడు, నచ్చితె మాట్లాడుకుందం" అన్నాడు. మూడు రోజులే కదా, సరేనన్నాను.

పెళ్లిళ్లలో నా చేతిలో ఉండేది పెద్ద కెమెరా, పొడుగాటి లెన్స్. స్టేజీ కింద ఎక్కడో నిలబడి పెళ్లికూతురి కంట్లో నీళ్లు కూడా ఫోటోలోకి లాగేస్తాను. ఎవరి దగ్గరికీ వెళ్లాల్సిన పని ఉండదు. ఈ చిన్నదానితో అలా కుదరదు. ముఖం కావాలంటే ఆ మనిషి ముందుకు నడిచి వెళ్లాలి. ఇరవై ఏళ్ల అలవాటు కదా, నాకది కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

మొదటిరోజు శుక్రవారం. కెమెరా పట్టుకుని సుల్తానాబాద్ దగ్గర ఊళ్లో ఉండే మా మేనత్త ఇంటికి వెళ్లాను. పేరు మార్తమ్మ, మేం మార్తత్త అంటాం. డెబ్బై దాటిన మనిషి. కొడుకు మస్కట్‌లో ఉంటాడు, కోడలు సుజాత ఆమెతోనే ఉంటుంది. కూతురిని ఆదిలాబాద్‌లో ఇచ్చారు. అత్త నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. ఆ చేతులను ఫోటో తీయాలని నాకు ఎప్పటి నుంచో ఆశ.

రెండు గంటల పాటు తీశాను. తునికాకు కత్తిరించే కత్తెర, చాటలో తంబాకు, దారం చుట్టే వేళ్లు, తలుపు సందులోంచి పడే ఎండ. కెమెరా నిజంగానే బాగుంది. నేను ఒళ్లు మరిచి తీస్తున్నాను. పోటీలకు పంపాలని కూడా అప్పుడే అనుకున్నాను, ఎందుకు దాచడం.

అత్త కాసేపు చూసి అంది, "నా మొకం సుత తియ్యరాదు అల్లుడా. గా ఆధార్ కార్డుల దొంగ లెక్క ఉన్న. నేను పోతె రేపు గదే పెడ్తరు."

ఆమె అన్నది నిజం. మా వైపు ఊళ్లలో ముసలివాళ్లకు మంచి ఫోటో ఉండదు. మనిషి పోగానే ఆధార్ కార్డు పట్టుకుని స్టూడియోకు వస్తారు. నేనే ఆ ముఖాన్ని కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, మెడ కింద ఎవరిదో పట్టుచీర అతికించి ఫ్రేము కట్టిస్తాను. వాడకట్టులో నేను కట్టిచ్చిన అలాంటి ఫ్రేములు అత్త చాలా చూసింది.

"దీంతోని మొకం మంచిగ రాదత్తా, మస్తు దగ్గరికి రావాలె" అన్నాను.

"అయితె రా. నేనేమన్న కొరుకుతనా? నీ పెద్ద కెమెరా ముంగట నాకు నవ్వే రాదు. గిది చిన్నగ ముద్దుగున్నది."

దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దగా వస్తుందని, మధ్యాహ్నం వెలుతురు ముఖానికి బాగుండదని ఏవో చెప్పాను. అవి అబద్ధాలు కావు, అలాగని అసలు కారణాలూ కావు. నా ధ్యాస చేతుల మీద ఉంది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లే ముందు వచ్చి తీస్తానని, తెల్లచీర కట్టుకుని ఉండమని మాటిచ్చాను. అత్త సరేనంది.

శనివారం ఆదిలాబాద్ నుంచి ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. వానలు పడి జలపాతం నిండుగా దూకుతోందని, కెమెరా తీసుకుని రమ్మని. సోమవారం కెమెరా తిరిగి ఇచ్చేయాలి. అత్త సంగతి గుర్తు లేక కాదు. ఆమె ఎక్కడికి పోతుంది, వచ్చే ఆదివారం నా కెమెరాతోనే తీస్తాలే అనుకున్నాను. రాలేనని ఒక ఫోన్ అయినా చేయలేదు.

ఆదివారం పొద్దున ఆదిలాబాద్ బస్టాండులో ఆ స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ చాయ్ తాగుతున్నాను. ఎండ బాగా వచ్చింది, జనం ఉన్నారు. ఎదురుగా సిమెంటు బెంచీ మీద మార్తత్త కూర్చుని ఉంది. తెల్లచీర, తల మీద కొంగు.

నాకు భయం వేయలేదు. కూతురింటికి వచ్చిందనుకున్నాను. సిగ్గు మాత్రం వేసింది. వెళ్లి, "ఎప్పుడొచ్చినవత్తా?" అన్నాను. ఆమె కొంగు సర్దుకుని, ఫోటోకు కూర్చున్నట్టు కుదురుగా కూర్చుంది. నేను కెమెరా తీసి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లాను. ఆ కెమెరాలో ముఖం కనిపిస్తే దాని చుట్టూ చిన్న గడి వస్తుంది. గడి వచ్చింది. అత్త నవ్వింది. నొక్కాను.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. బస్సు హారన్లకు వినపడక రెండడుగులు పక్కకు జరిగాను. సుజాత.

"అన్నా, అత్తమ్మ పోయింది. కూసున్నది కూసున్నట్టే పోయింది."

వెనక్కి తిరిగితే బెంచీ మీద ఎవరూ లేరు. బస్టాండంతా వెతికాను. చాయ్ బండి అతన్ని అడిగితే, "ఎవ్వలున్నరు సార్ గక్కడ? నువ్వు బెంచీనే ఫోటో తీస్తున్నవనుకున్న" అన్నాడు.

ఫోటో తెరిచి చూశాను. ఖాళీ బెంచీ, వెనక గోడ. రెండూ మసకగా ఉన్నాయి, ఫోకస్ వాటికంటే ముందెక్కడో పట్టినట్టు. బటన్ నొక్కితే ఫోకస్ ఎక్కడ పట్టిందో ఆ చోటును పెద్దది చేసి చూపిస్తుంది ఆ కెమెరా. నొక్కాను. ముఖం ఉండాల్సిన చోటికే వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

కెమెరాలో గడియారం దుబాయ్ లెక్కలో ఉంది, గంటన్నర కలుపుకోవాలి. అలా చూస్తే ఫోటో తీసింది తొమ్మిది నలభై రెండుకు. అత్త పోయింది ఎనిమిదిన్నర ప్రాంతంలో, చర్చిలో మొదటి గంట కొట్టకముందే. సుజాత ముందు మస్కట్‌కు, ఆడబిడ్డకు ఫోన్లు చేసి ఆ తర్వాత నాకు చేసింది. ఆ కూతురు అప్పటికే ఏడుస్తూ ఊరికి బయలుదేరింది. అత్త ఆదిలాబాద్ రానేలేదు.

ఊరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శవపెట్టె దగ్గర పెట్టడానికి ఫోటో కావాలన్నారు. సుజాత నా దగ్గరికి వచ్చింది.

"మొన్న తీసినయ్ ఉన్నయి గదన్నా, అండ్లకెళ్లి ఒక్కటి మంచిది తియ్యి."

కెమెరా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. అరవై దాకా ఉన్నాయి. వేళ్లు, ఆకులు, కత్తెర, దారం. ఒకదాంట్లో గడ్డం వరకు వచ్చింది, అంతే. చివరికి ఆధార్ కార్డు తీసుకుని స్టూడియోకు వెళ్లి నేనే ముఖం కత్తిరించాను. ఎంతోమందికి చేసిన పని. ఆ రోజు అత్తకు చేశాను.

సమాధి చేసి వచ్చాక సుజాత ఒక మాట చెప్పింది. ఆమె నన్ను తప్పు పట్టాలని చెప్పలేదు.

"ఏడింటికే తయారై అర్రల కుర్చేసుకోని కూసున్నదన్నా. అల్లుడు వస్తనన్నడు అన్నది. చీర మీద పడ్తదని చాయ్ సుత తాగలే."

కెమెరా తిరిగి ఇచ్చేశాను. ఎలా ఉందని అడిగితే మంచిదే, నాకు అక్కర్లేదన్నాను. ఆ ఒక్క ఫోటో నా కంప్యూటర్లో ఉంది. తోటి ఫోటోగ్రాఫర్లు ఇద్దరికి సంగతి చెప్పకుండా చూపించాను. ఫోకస్ తప్పిందన్నారు. కావచ్చు. ఎండకు నా కళ్లు బైర్లు కమ్మి ఉండొచ్చు, చేసిన తప్పు లోపల తొలుస్తూ అలా చూపించి ఉండొచ్చు. అలాగైతే ఆ గడి ఎవరి ముఖం చుట్టూ వచ్చిందో నాకు తెలియదు. సుజాతకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

అత్త ఆ బెంచీ మీద కోపంగా కూర్చుని ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. ఒక్క మాట తిట్టినా తేలికపడేవాణ్ణి. ఆమె నవ్వింది. నేను పట్టిన కెమెరా ముందు ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.