మునిరత్నమ్మ పాడు

పులికాట్ సరస్సు ఒడ్డున మూలకుప్పంలో మునిరత్నమ్మ ఆటో దిగగానే ఊరు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "పింఛను తెచ్చినావా?"

తప్పు ఆమెదే. ఎవరమ్మా అని అడిగితే "వాలంటీర్ని" అని చెప్పింది. ఈ రాష్ట్రంలో ఆ మాటకు ఒకే అర్థం మిగిలింది: పొద్దున్నే తలుపు కొట్టి, వేలిముద్ర వేయించుకుని, పింఛను చేతిలో పెట్టే మనిషి. పింఛను లేదు, కళ్ళు చూడటానికి వచ్చానని చెప్పగానే మూగినవాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. మిగిలిన సగం మంది ఆమె పెట్టె, పరుపు, గ్యాస్ స్టవ్వు మోసుకొచ్చి గదిలో పెట్టారు. ఆమె ఈ కథ ఎవరికి చెప్పినా ఆ రెండో సగం దగ్గరే మొదలుపెడుతుంది.

మునిరత్నమ్మది నగరి. పుట్టింది చేతిమగ్గాల ఇంట్లో, మెట్టింది పవర్‌లూమ్‌ల ఇంట్లో. భర్త పోయాక తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రిలో చేరింది. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఎదురుగా ఉన్న అక్షరాలు చదివించడం ఆమె పని. అదే పని చేస్తూ రిటైరైంది. ఇలాంటి చోట మామూలుగా అంతరాత్మ పిలిచిందని రాస్తారు. ఆమెను ఎవరూ పిలవలేదు. సరస్సు పక్క పల్లెలో ఏడాది పాటు ఉండి కళ్ళు పరీక్షించే మనిషి కావాలని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వెతుకుతుంటే తానే వెళ్ళి అడిగింది. కారణం కూడా తానే చెప్పింది: "ఇంట్లో కూసుంటే నేను టీవీని సూస్తా ఉండానా, టీవీ నన్ను సూస్తా ఉండాదా తెలీకుండా పోయినాది."

నిర్మలమ్మ ఇంటి పక్క గది అద్దెకు దొరికింది. నిర్మలమ్మ ఒడ్డున రొయ్యలు కొని సూళ్ళూరుపేటలో అమ్ముతుంది. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. వచ్చిన రోజే గిన్నెడు చేపల పులుసు పంపింది. ముల్లు ఏరుకోలేక మునిరత్నమ్మ అవస్థ పడుతుంటే గుమ్మంలో నిలబడి, "మీ నగిరి సేపలకు ముండ్లుండవా అక్కా?" అని అడిగింది. "మా ఊర్లో సేపలే ఉండవు మే, చీరలుంటాయి" అంది మునిరత్నమ్మ. ఆ రోజు నుంచి నిర్మలమ్మ ముళ్ళు తీసిన చేప పంపుతోంది, చీర ఎప్పుడిస్తావని అడుగుతోంది.

గాలి ఆగదు. నీళ్ళు ఉప్పు. స్టీలు గ్లాసు మీద తెల్లటి పొర కడుతుంది. వీటికి మునిరత్నమ్మ తొందరగానే అలవాటు పడింది. ఊరు మాత్రం ఆమె పనికి అలవాటు పడలేదు. పలకరిస్తారు, టీ పోస్తారు, కళ్ళు మాత్రం చూపించుకోరు.

"అంత దూరంలో కొంగ రెక్క ఇదిలిస్తే కనపడతాది మాకు. మాకేం జబ్బు?" అనేవాడు యువరాజ్, తూర్పు వీధి మనిషి.

"దగ్గరవి కనపడతాయా?"

"దగ్గరవి సూసేదానికి పెండ్లాముండాది కదక్కా."

నెల చివర తిరుపతి నుంచి సంస్థ కంటి డాక్టర్ ఏబెల్ వ్యానుతో వస్తానన్నాడు. రోజు నువ్వే చెప్పమన్నాడు. వచ్చే గురువారం పెట్టుకుందామా అని మునిరత్నమ్మ నిర్మలమ్మను అడిగింది.

"గురువారమా? ఆ దినం మాకు పాడక్కా."

నిర్మలమ్మది పడమటి వీధి. తూర్పు వీధిలో అడిగితే, "మాకు బుధవారం పాడు, గురువారం పడమటోళ్ళకు" అన్నారు. మునిరత్నమ్మకు నవ్వొచ్చింది. రాహుకాలంలో కంటి ఆపరేషన్ వద్దని ఏడ్చిన వాళ్ళను, అమావాస్య నాడు కట్టు విప్పనివ్వని వాళ్ళను ఆసుపత్రిలో ఎంతమందిని చూసిందో. వీధికొక చెడ్డ దినం పెట్టుకున్న ఊరిని మాత్రం ఇప్పుడే చూస్తోంది.

"పాడూ లేదు గీడూ లేదు. కండ్లకు మంచి దినం చెడ్డ దినం ఉంటాదా? గురువారమే" అని తేల్చేసింది.

నిర్మలమ్మ ఆమె వైపు వింతగా చూసి, "నీ ఇష్టమక్కా" అంది.

చదువుకున్న వాళ్ళకూ, వాళ్ళ దగ్గర చాలాకాలం పనిచేసిన వాళ్ళకూ పట్టుకునే జబ్బు ఇది. పల్లెలో అర్థం కాని మాట వినిపిస్తే అది మూఢనమ్మకమే అనుకోవడం.

గురువారం వ్యాను వచ్చింది. పడమటి వీధికి తాళాలు. మగవాళ్ళు సరస్సు మీద, ఆడవాళ్ళు ఒడ్డున రొయ్యల దగ్గర. తూర్పు వీధిలో అందరూ ఇంటి దగ్గరే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. డాక్టర్ ఏబెల్ మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోయాడు. సాయంత్రం సంస్థలో పనులు చూసే మోనిక ఫోన్ చేసింది.

"ఆంటీ, వచ్చే నెల కూడా ఇట్లే ఉంటే మూలకుప్పం వదిలేద్దాం. ఏర్పేడులో మీకు సెంటర్ చూస్తాను. అక్కడ బస్సులు కూడా ఎక్కువ."

బస్సులు ఎక్కువున్న ఊరికి వెళ్ళాలని మునిరత్నమ్మకు లేదు. భర్త పోయిన తర్వాత ఆమెను పేరు పెట్టి వీధి ఆ చివర నుంచి కేకేసిన ఊరు ఇదొక్కటే. ఇక్కడే ఉండాలని ఆమెకు ఫోన్ పెట్టేశాకే తెలిసింది. తెలిసి కోపం వచ్చింది. నేరుగా నిర్మలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మీ పాడు దినాలతో నా పని పాడు చేసినారు కదే!"

నిర్మలమ్మ రొయ్యల బుట్ట దించి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వాగాక చెప్పింది. "పాడంటే చెడ్డ కాదక్కా. వంతు. సరస్సులో రొయ్య పడే తావులు కొన్నే. అందరూ ఒకే దినం వలేస్తే తలలు పగిలిపోతాయి. అందుకని ఒగ దినం మాకు, ఒగ దినం తూరుపోళ్ళకు. మా పాడు దినం వచ్చిందంటే ఆ పూట మాకు కూడు వచ్చినట్టు. నువ్వేమో పాడూ లేదు గీడూ లేదంటివి. ఈమెకు ఎంత పొగరని మా అత్త ఇంగా తిడతా ఉండాది."

"మరి తూరుపోళ్ళెందుకు రాలేదు?"

"గురువారం మాది కదా. మా దినాన పెట్టిన డాక్టరు మా డాక్టరనుకున్నారు. మా వంతులో వాళ్ళెట్లా చెయ్యి పెడతారు?"

ఒకే మాటకు రెండు వీధులూ ఆగిపోయాయి. ఒకరు వంతు ఉందని రాలేదు, ఇంకొకరు వంతు లేదని రాలేదు.

వలలు బాగుచేసుకునే షెడ్డులో ఆదివారం ఊరి కూటం. ఊరి పెద్ద వెంకటముని తల కాస్త కుడికి తిప్పి కూర్చుంటాడు. కుడికంట్లో పొర ఉంది. ఊరందరికీ తెలుసు, ఆయన ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు. మునిరత్నమ్మ లేచి నిలబడింది.

"పెద్దన్నా, నాకొక పాడు ఇయ్యండి."

షెడ్డంతా నవ్వు.

"వలుండాదా నీకు?" అన్నాడు యువరాజ్.

"కండ్లద్దాలుండాయి."

"పడవ?"

"వ్యానుండాది. తిరపతి నించి వస్తాది."

"మునిగిపోతే?"

"మీరు రాకపోతే మునిగిపోతాది. పోయినసారి అట్లే మునిగినాది కదప్పా."

వెంకటముని నవ్వలేదు. "పాడు ఈ ఊరి మగోడికి, పెండ్లయినోడికి ఇచ్చేదమ్మా. ఆడోళ్ళకు లేదు."

వెనక నుంచి నిర్మలమ్మ గొంతు లేచింది. "మామా, ఆమె మగోళ్ళ రొయ్యలడగలా. మన కండ్ల కోసరం ఒగ దినం అడగతా ఉండాది. నీకు రెండు కండ్లూ బాగుంటే ఇయ్యొద్దులే."

నవ్వు ఆగిపోయింది. వెంకటముని తల ఇంకొంచెం తిప్పి నిర్మలమ్మను, ఆ తర్వాత మునిరత్నమ్మను చూశాడు. పక్కవాళ్ళతో ఏదో మాట్లాడాడు. చాలాసేపటికి చెప్పాడు:

"అష్టమి ఇస్తా ఉండాం. ఆ దినం రెండు వీధులోళ్ళూ వల దించరు. ఒగ మాట. పాడు తీసుకున్నోళ్ళు ఆ దినం దిగకపోతే పాడు పోతాది. మళ్ళా అడగకూడదు."

ఊరు పెద్ద త్యాగం చేసిందని రాయనక్కర లేదు. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు బలంగా ఉంటుంది, రొయ్య కదులుతుంది. అష్టమికి నీళ్ళు మందగిస్తాయి, వల తేలిగ్గా పైకొస్తుంది. ఉన్నవాటిలో పనికిమాలిన రోజు చూసి ఇచ్చారు. అయినా ఇచ్చారు. ఆ తేలికపాటి వల మీద కూడా బతికే ఇళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాయి. అది మునిరత్నమ్మకు తెలుసు.

అసలు అడ్డంకి తిరుపతి నుంచి వచ్చింది. డాక్టర్ సరేనన్నాడు. వ్యాను నడిపే యోగానంద ఒప్పుకోలేదు.

"అష్టమి నాడు దూరం ప్రయాణమా? పంచాంగం సూసినారా అక్కా? మా ఇంటామె గడప దాటనీదు."

"నువ్వు పెండ్లిచూపులకు పోతా ఉండావా యోగానందా? పనికొస్తా ఉండావు."

"బండికేమన్నా అయితే?"

"ఈడ ఇన్ని పడవలుండాయి. ఒగదాంట్లో ఎక్కించి పంపిస్తాను, రా నాయనా."

అష్టమి పొద్దున రెండు వీధుల వాళ్ళూ షెడ్డు దగ్గరికి వచ్చారు. సరస్సు మీద ఒక్క పడవ లేదు. వ్యాను కూడా లేదు. యోగానంద ఫోన్ ఎత్తడం లేదు. ఎండ పెరిగింది. యువరాజ్ నీళ్ళ వైపు చూస్తూ, "ఇప్పుడు వలేసినా కూరకైనా నాలుగు పడతాయి" అన్నాడు. వెంకటముని మునిరత్నమ్మను అడిగాడు, "నీ పడవ యాడమ్మా?"

ఆమె మెటికలు విరుచుకుంటూ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. అప్పుడు తెల్లటి దుమ్ములోంచి వ్యాను వచ్చింది. డాక్టర్ ఏబెల్ దిగుతూనే క్షమించమన్నాడు. యోగానంద బయల్దేరే ముందు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాడట, దారిలో తడ దగ్గర అనుమానం వచ్చి ఆపి, మళ్ళీ కొని మళ్ళీ తొక్కించాడట.

ఆ రోజు ఏ వీధిదీ కాదు కాబట్టి అందరిదీ అయింది. వరసలో నేను ముందంటే నేను ముందని తిట్టుకున్నారు. కొంగ రెక్క చూసే యువరాజ్‌కు సూదిలో దారం కనిపించలేదు. అద్దాలు పెట్టి చూపిస్తే పక్కనున్న భార్య ముఖం చూసి, "ఇన్నాళ్ళూ ఇట్టా ఉండావా?" అన్నాడు. ఆమె అద్దాలు లాక్కుని తన కళ్ళకు పెట్టుకుని, అదే మాట అంతకన్నా గట్టిగా అంది.

అందరూ అయ్యాక వెంకటముని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మునిరత్నమ్మ ఆయన ఎడమ కన్ను తన అరచేత్తో మూసింది. ఎదురుగా అక్షరాల పటం ఉంది. "ఏమీ లేదమ్మా ఆడ" అన్నాడు మెల్లగా. ఆమె చెయ్యి తీయకుండానే, తిరుపతికి తానే తీసుకెళ్తానని, ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటానని ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పింది. ఆయన తలూపాడు.

లేచి వెళ్ళేటప్పుడు మాత్రం మళ్ళీ ఊరి పెద్ద అయిపోయాడు. అందరూ వినేలా అడిగాడు: "పాడు దిగినోళ్ళు ఊరికి ఇంత తీసిపెట్టల్ల. నీ పాడులో ఊరి వంతు ఏది?"

పరాయి మనిషిని అడిగే మాట కాదది. మునిరత్నమ్మ దగ్గర చూపు అద్దాలొక జత తీసి, షెడ్డు గుంజకు నైలాన్ తాడుతో కట్టింది. వల బాగుచేసుకునే వాళ్ళు ఎవరైనా పెట్టుకోవచ్చు.

"ఒగటి సాలదక్కా" అంది నిర్మలమ్మ. "రెండు వీధులుండాయి. కొట్టుకుంటారు."

రెండో గుంజకు ఇంకో జత కట్టింది.

మోనిక ఫోన్ చేసినప్పుడు ఆమె వ్యాన్లోకి పెట్టెలు ఎక్కిస్తోంది. డాక్టర్ చెప్పే ఉంటాడు, అయినా ఆ పిల్ల పద్ధతిగా అడిగింది, ఏర్పేడు సంగతి ఏం చేద్దామని.

"ఆడికి ఇంకెవరినన్నా సూడమ్మా" అంది మునిరత్నమ్మ. "ఈ ఊరికి నేను వంతు కట్టేసినాను."