కత్తాయన మళ్ళీ రేవుకొచ్చాడు

మొన్న ఆదివారం పొద్దున్నే నా ఫోన్‌కి వరసగా బొమ్మలు వచ్చి పడ్డాయి. పంపిన కుర్రాడు విజయవాడలో పుస్తకాలు అచ్చువేస్తుంటాడు. మా బాబాయి ఇరవై ఏళ్ళపాటు ఒక వారపత్రికలో వేసిన బొమ్మల కథని పుస్తకంగా తేవాలని అతని కోరిక. పాత సంచికలు ఎక్కడెక్కడి నుంచో సంపాదించి, స్కాన్ చేసి, కుటుంబం తరఫున ఒకసారి చూసి చెప్పండి మేడమ్ అని పంపాడు. కాఫీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే జరుపుతూ కూర్చున్నాను. చివరికి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టుకోవాలని కూడా తోచలేదు.

ఆ కథలో నాయకుడు ఒక సమురాయ్. యజమాని చనిపోయి, కొలువు పోయి, నడుముకి రెండు కత్తులు దోపుకుని ఊళ్ళు పట్టుకు తిరిగే జపాన్ వీరుడు. పత్రికలో ఆయనకేదో నోరు తిరగని పేరుండేది గానీ మా ఇంట్లో అందరికీ ఆయన కత్తాయనే. ఆ పేరు పెట్టింది పిన్ని. ఈ వారం కత్తాయన ఎవర్నీ నరకలేదు, ఒంట్లో బాగాలేదేమో అని, పక్కవాటాలో కాపురముండే మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. బాబాయి అసలు పని చీరల డిజైన్లు. పామర్రు దగ్గర మా ఊళ్ళో మగ్గాలకి అంచులూ బుటాలూ గళ్ళకాగితం మీద గీసిచ్చేవాడు. ఆయన జన్మలో వెళ్ళిన దూరపు ఊరు మద్రాసు. అంచేత ఆయన జపాన్ అంతా మా కాలవగట్టు మీదే ఉండేది. సామంతరాజు కోట మా ఊరి రైసుమిల్లు, పైన రేకులతో సహా. కొండలు కావలసి వస్తే బెజవాడ కొండలు. ఆడవాళ్ళ కొప్పులు కూచిపూడి వెళ్ళి నాట్యం చూసొచ్చి వేసినవి. జపాన్‌లో తాటిచెట్లుండవండీ అని ఒక పాఠకుడు కార్డు రాస్తే, మా జపాన్‌లో ఉంటాయండీ అని మర్యాదగా జవాబు రాశాడు. బొమ్మలు చుట్టచుట్టి బస్సు కండక్టరు చేతికిస్తే, బెజవాడ బస్టాండులో అందుకుని పత్రికాఫీసులో ఇచ్చే పని అక్కడే కాపురమున్న మా నాన్నది. ఆయన బట్టల కొట్టు తెరిచే తొందరలో ఉంటే నాది. కాబట్టి కత్తాయన ఎటు బయల్దేరాడో ఊరందరికంటే ముందు నాకే తెలిసేది. ఆ గొప్ప క్లాసులో బాగానే చూపించుకున్నాను.

తిరిగే మనిషి కథ కదా, కత్తాయన వెళ్ళిన చోట్లకే మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాడు. వాటిలో ఒకటి మా బల్లకట్టు రేవు. అప్పటికి కాలవ మీద వంతెన లేదు. రెండు పడవల మీద పలకలు పరిచిన బల్లకట్టు మీదే మనుషులూ గేదెలూ సైకిళ్ళూ దాటేవి. బాబాయి గట్టు మీద కూర్చుని ఆ రేవు గీస్తున్నప్పుడు, ఏడేళ్ళ మా చెల్లెలు, అంటే ఆయన ఒక్కగానొక్క కూతురు, మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడిస్తోంది. కదలొద్దంటే కదలకుండా కూర్చుంది. ఆ పిల్ల ఒకరి మాట వినడం నేను చూసింది అప్పుడే. బొమ్మలోకి తనూ ఎక్కింది. ఆ వానాకాలం జ్వరం తలకెక్కితే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. తిరుగు బస్సు పిన్నీ బాబాయీ ఇద్దరే ఎక్కారు. నేను వాళ్ళ కిటికీ కింద నిలబడి ఉన్నాను. పిన్ని నావైపు చూడలేదు.

నేత ఊళ్ళో పనికి ఒక పద్ధతుంది. బుటా ఒకసారి గీసి, దానికి తగ్గ చిల్లుల అట్టలు కొట్టించి మగ్గానికి ఎక్కించాక, ఎన్ని చీరలు నేసినా అదే బుటా వస్తుంది. మళ్ళీ గీసే పని లేదు. బాబాయి బొమ్మల కథకీ ఆ పద్ధతే పెట్టుకున్నాడు. కత్తాయన పాత చోటికి వస్తే, ఆఫీసు నుంచి తిరిగొచ్చిన పాత బొమ్మని కిటికీ అద్దానికి ఆనించి, దానిమీద కొత్త కాగితం పెట్టి, వెలుతుర్లో దిద్దేవాడు. కత్తాయన ఒక్కణ్ణే కాస్త వయసు పెంచి కొత్తగా గీసేవాడు. చెల్లెలు పోయిన కొన్నాళ్ళకి రేవు మళ్ళీ వచ్చింది. పిల్లని దిద్దకుండా వదిలెయ్యడానికి ఆయనకి చేతులు రాలేదు. పత్రిక వచ్చాక పిన్ని ఆ పేజీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత బాబాయిని పిలిచి, పిల్ల పొడుగైందండీ అంది.

అప్పుడు నేను వేసవి సెలవులకి అక్కడే ఉన్నాను. బాబాయి నవ్వలేదు, కోప్పడలేదు. బట్టలో పోగు తప్పిందంటే మగ్గం దగ్గరికెళ్ళి చూసినట్టే చూశాడు. పట్టపగలు, ఎండ కిటికీ మీద పడుతోంది. పాత బొమ్మనీ కొత్తదాన్నీ కలిపి అద్దానికి పెట్టాడు. మెట్ల మీద మెట్లు సరిగ్గా కూర్చున్నాయి. పాక చూరు, బల్లకట్టు తాడు, గేదె కొమ్ములు అన్నీ గీతకి గీత కలిశాయి. చెల్లెలి తల మాత్రం పాత తలకి బొటనవేలంత పైన ఉంది.

"నేను దిద్దిందే దిద్దాను" అన్నాడు బాబాయి. ఆ మాట ఎవరికి చెబుతున్నాడో నాకు తెలియలేదు. చేతులు కడుక్కోడానికని పెరట్లోకి వెళ్ళి భోజనాల వేళ దాకా లోపలికి రాలేదు.

అప్పట్నుంచీ పిన్నికి ఒకటే ధ్యాస. కత్తాయన ఏ యుద్ధంలో ఉన్నా సరే, రేవుకెప్పుడొస్తాడని అడిగేది. ఆవిడ పోరు పడలేక, కొండల్లో పగవాణ్ణి వెతుకుతున్న మనిషి ఉన్నట్టుండి వెనక్కి తిరిగి కాలవ దాటడానికి వచ్చేవాడు. మీవాడికి ఆ రేవులో ఏం పనండీ అని సంపాదకుడు విసుక్కుంటే బాబాయి ఏదో ఒక కారణం అల్లేవాడు. ప్రతిసారీ పాత బొమ్మే, ఆ కిటికీయే. చెల్లెలు మాత్రం పెరుగుతూ వచ్చింది. జడ మెట్టుని తాకింది. ముఖం తేటపడింది. ఆ చుట్ట విప్పి చూడాలంటే నాకు భయంగా ఉండేది, అసూయగానూ ఉండేది. నా జడ ఎప్పుడూ భుజం దాటలేదు.

ఒక ఏడాది పిన్ని, దానికి ఓణీ ఈడొచ్చింది, వెయ్యకపోతే బావుండదు అంది. మావాళ్ళలో మేనమామ తెచ్చిన లంగా ఓణీ కట్టి, పిల్లని పీట మీద కూర్చోబెట్టి, ముత్తయిదువలు అక్షింతలు వేస్తారు. పిన్ని అన్నీ చేసింది. తమ్ముడి చేత ఓణీ తెప్పించింది. పీటకి పసుపు రాసి, దానిమీద ఆ బొమ్మ పెట్టి, ఓణీ కప్పింది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి అక్షింతలు వేసి, పాయసం తిని వెళ్ళారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. అక్షింతల పళ్ళెం పట్టుకుని నేనూ అడగలేదు. అందరూ వెళ్ళాక బాబాయి మొదటిసారిగా ఆ పిల్ల మీద సొంతంగా కలం పెట్టి, భుజం మీంచి ఓణీ గీశాడు. అప్పుడు తెలిసొచ్చింది పిన్నికి తను చేసిన పొరపాటు. ఓణీ వేసిన పిల్లకి సంబంధాలొస్తాయి. కుదిరితే అత్తారింటికి పోతుంది.

"ఈసారి కత్తాయనొచ్చేసరికి అది మెట్టు మీద లేకపోతే నేను చూళ్ళేనండీ" అంది. ఆ తర్వాత ఆ పత్రిక ముట్టుకోలేదు. బాబాయికీ ధైర్యం చాలలేదు కాబోలు, కత్తాయనని చాలా ఏళ్ళు రేవు వైపు రానివ్వలేదు. నేను కాలేజీ, పెళ్ళి, గుంటూరులో ఉద్యోగం అంటూ ఆ కథకి దూరమైపోయాను. బాబాయి పోయాడు. పత్రిక మూతపడింది. రేవులో వంతెన కట్టారు. బాబాయి చివరికి మళ్ళీ ఆ రేవు గీశాడో లేదో, గీస్తే పిల్ల ఉందో వెళ్ళిపోయిందో పిన్ని ఎవర్నీ అడగలేదు. అడగడానికి భయం, అడక్కుండా ఉండడం అంతకంటే బాధ. వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముఖంలో ఈ రెండూ చూస్తూనే నాకూ వయసు మీదపడింది.

గీశాడు. పోయే ముందు ఒక్కసారి. ఆదివారం నేను చూసిన ఆఖరి బొమ్మ అదే. వెంటనే ఆ కుర్రాడికి ఫోన్ చేసి, మెట్టు మీద ఎవరున్నారో నీకెలా కనిపిస్తోంది బాబూ అని అడిగాను. ఎవరో పెద్దావిడ మేడమ్, మొదట్నుంచీ అంతే అనుకుంటా అన్నాడు. గొంతులో అంత నమ్మకం లేదు. మధ్యాహ్నం బస్సెక్కి పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటాయి ఆవిడకి. నేను విషయం చెబుతున్నంతసేపూ చిక్కుళ్ళు తుంచుతూనే ఉంది. చెప్పడం అయ్యాక చేతులు ఆగాయి.

"ఉందా?" అంది.

"ఉంది పిన్నీ."

బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాను. అదే పాక చూరు, అవే గేదె కొమ్ములు. మెట్టు మీద పాపిట దగ్గర జుట్టు నెరిసి, చెంపలు జారి, అచ్చం పిన్ని పోలికలున్న ఆడమనిషి కూర్చుని ఉంది. బాబాయి ఆ బొమ్మ వేసేనాటికి చెల్లెలు బతికుంటే నిండు యవ్వనంలో ఉండాలి. బొమ్మలో ఉన్నది ఇవాళ్టి చెల్లెలు. బతికుంటే ఈ ఆదివారానికి ఎలా ఉండేదో అలా ఉంది. బాబాయి చనిపోయాక కూడా ఆ మూతపడ్డ పత్రికలో, ఎవరింటి అటక మీదో, తను పెరుగుతూనే ఉంది.

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బొమ్మని కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని, ఆ ముఖం మీద వేలుపెట్టి, అది జరిగిపోతే మళ్ళీ వెనక్కి తెప్పించుకుని, చాలాసేపు చూసింది.

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా ఇది. అక్కడే ఉంది" అంది. తర్వాత చిన్నగా, "మనమే వెళ్ళి చూడలేదు" అంది.

చీకటి పడకముందే బస్సెక్కాను. ఆ పేజీ ఉన్నదున్నట్టు వెయ్యమని కుర్రాడికి చెప్పాను గానీ, నేను మళ్ళీ తెరవలేదు. తను నాకంటే రెండేళ్ళే చిన్నది. ఇంకెంత నెరిసిందో చూసే ధైర్యం నాకు లేదు. కాలం ఆగిపోయే చోటు ఎక్కడో ఒకటి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది బాబాయి జపాన్‌లో కూడా లేదు.