జపాను ఆయన పట్టిన పార

నా చిన్నప్పుడు మా ఊరికి ఏ పరదేశి వచ్చినా పెద్దలు చేసే పని ఒకటే. ప్రార్థన గుడిలోంచి చేతుల కుర్చీ తెచ్చి వేసేవాళ్లు, మెడలో బంతిపూల దండ వేసేవాళ్లు, ప్రార్థన చెయ్యమని అడిగేవాళ్లు. ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారికి ఎడంగా ఉన్న మా పల్లెలో తాతల కాలం నుంచీ అందరం బాప్టిస్టులమే. మా లెక్కలో పరదేశి అంటే దొర, దొర అంటే దేవుడి మాట చెప్పేవాడు. ఇంకోరకం పరదేశి ఉంటాడని మాకెవరూ చెప్పలేదు.

నేను అయిదో తరగతి చదివే ఏడు నవంబరులో ముసురు పట్టింది. పట్టిన ముసురు వదల్లేదు. వరిమడిలో నీళ్లు నిలిచిపోయాయని, మడవ తీసి వదిలేద్దామని మా నాయన చేలోకి బయలుదేరితే, నాలుగేళ్ల మా తమ్ముడు వెంటపడ్డాడు. నాయన వాణ్ణి భుజాన వేసుకుపోయి, తడవకుండా ఉంటాడని మోటారు కొట్టులో కూర్చోబెట్టాడు. తాను మడవ దగ్గరికి పోయాడో లేదో, పైన చెరువు కట్ట తెగింది. నాయన వేపచెట్టు పట్టుకుని బతికాడు. నీళ్లు తీశాక చూస్తే మోటారు కొట్టు లేదు, మడి లేదు. నడుం లోతు ఇసుక మేట వేసి ఉంది.

ఊరంతా వాగు వెంబడి వెతికారు. ముళ్లకంపల్లో, పొదల్లో, పక్క ఊరి చెరువు దాకా వెతికారు. తర్వాత ఒక్కొక్కరే మానుకున్నారు. ఎవరిని తప్పుపట్టేది, అందరి ఇళ్లూ కూలి ఉన్నాయి. నాయన మాత్రం రోజూ పార తీసుకుని ఇసుకలోకి పోయేవాడు. ఒకసారి ఇక్కడ తవ్వేవాడు, ఇంకోసారి అక్కడ. అమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. అన్నం వండితే తమ్ముడి గిన్నెలోనూ పెట్టేది. శరీరం దొరకనిదే భూస్థాపన ఎట్లా చేస్తారు? పాస్టరు అయ్యగారు ఒకసారి ఆ మాట ఎత్తబోతే, “వాణ్ణి నా కండ్లకు చూపించి అప్పుడు చెప్పండయ్యా” అని అమ్మ లోపలికి పోయింది. మా ఇంట్లో పలకరింపులు కూడా ఆగిపోయాయి. తమ్ముడితోపాటు అమ్మా నాయనా కూడా పోయినట్టే నాకు అనిపించేది.

అప్పుడు జపాను నుంచి కొందరు వచ్చారు. ఆత్మకూరులో ఒక బడిలో దిగి, రోజూ జీపులో మా పల్లెకు వచ్చి కూలిన ఇళ్లు మళ్లీ కట్టేవాళ్లు. వాళ్ల మాట మాకూ, మా మాట వాళ్లకూ చెప్పేందుకు ఇంగ్లీషు వచ్చిన ఒక సారు తోడు ఉండేవాడు. వాళ్లలో అందరికంటే పెద్దాయన, జుట్టు నెరిసినాయన, ఒకనాడు మా ఇంటి కూలిన గోడ చూడటానికి వచ్చాడు. మా అవ్వ ఆశగా కుర్చీ వేయించింది, దండ వేసింది. పిల్లోడు దొరికేటట్టో, లేదంటే కొడుకూ కోడలూ తేరుకునేటట్టో ప్రార్థన చెయ్యమని అడిగింది.

సారు ఆయనతో మాట్లాడి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “ఆయనకు ప్రార్థన రాదంట అవ్వా. మన మతం కాదంట. ఇండ్లు కట్టే మేస్త్రీ అంట.”

“ప్రార్థన రాని దొర యాడైనా ఉంటాడా?” అంది అవ్వ. అంత దూరం నుంచి వచ్చినవాడూ ఉత్త చేతులతోనే వచ్చాడని ఆమె ముఖం వాడిపోయింది.

ఆయన కుర్చీలో కూర్చోనే లేదు. దండ తీసి కుర్చీ మీద పెట్టి, పిల్లవాడి తండ్రి ఎక్కడున్నాడని అడిగించాడు. నేనే చేలోకి దారి చూపించాను. ఆయన నాయన పక్కన నిలబడి ఇంకో పార అందుకున్నాడు. “వద్దు సార్, ఇది మీరు చేసే పని కాదు” అన్నాడు నాయన. ఆ మాట ఆయనకు అర్థం కాలేదు, అర్థమైనా ఆగేవాడు కాదేమో. కింద ఎవరో నిద్రపోతున్నట్టు పారను మెల్లగా దించేవాడు.

ఆ రోజు నుంచి ఇళ్ల పని అయ్యాక పొద్దు గూకేదాకా ఆయన మా చేలోనే. “పిచ్చోడికి ఇంకో పిచ్చోడు తోడైనాడు” అన్నారు ఊళ్లో. అది విని సారు మా అవ్వకు చెప్పాడు. “వాళ్ల ఊళ్లో భూకంపం వచ్చినప్పుడు ఈయన భార్య కూలిన ఇంటి కింద చిక్కుకుపోయిందంట అవ్వా. బతికి ఉండదని తెలిసి కూడా, యా దేశపోళ్లో వచ్చి ఈయనతో కలిసి తవ్వినారంట.”

మరునాడు అవ్వ తట్ట తీసుకుని చేలోకి పోయింది. ఆమె వెనకే మా చిన్నాయన, పాస్టరు అయ్యగారు వచ్చారు. ఆఖరికి ఒక సాయంత్రం అమ్మ వచ్చింది. నాయనకూ ఆయనకూ కూడు తెచ్చి గట్టు మీద పెట్టి, నాయన చేతుల్లో బొబ్బలు చూసి, కొంగు చించి కట్టింది. వరద తర్వాత ఆమె నాయన దగ్గరికి రావడం అదే మొదలు.

మోటారు కొట్టు పునాది బయటపడింది. స్టార్టరు డబ్బా దొరికింది, పగిలిన పెంకులు దొరికాయి. తమ్ముడు దొరకలేదు. పునాది కింద గట్టి నేల తగిలాక నాయన పార వదిలేసి కూలబడి ఏడ్చాడు. జపాను ఆయన కూడా పక్కనే ఇసుకలో కూర్చుని, నాయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తర్వాతి ఆదివారం అమ్మ తమ్ముడి చొక్కా తానే తీసి ఇచ్చింది. దాన్ని చిన్న పెట్టెలో పెట్టి సమాధి చేశాం. ప్రార్థన అయ్యేదాకా జపాను ఆయన అందరి వెనక తలవంచుకుని నిలబడ్డాడు. ఇళ్లు పూర్తయ్యాక వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆయన పేరు మా నోటికి తిరగలేదు. తాను కన్ను మూసేదాకా మా అవ్వ ఆయన్ని ప్రార్థన రాని దొర అనే అనేది, ఎంతో ప్రేమగా.

తవ్విన మేర నాయన సజ్జలు చల్లాడు. మిగిలిన చేను ఇప్పటికీ ఇసుకే, తుమ్మ మొలిచింది. మా ఇల్లు మళ్లీ మునుపటిలా నవ్విందని చెబితే అబద్ధం.

నాకూ వయసు మీద పడుతోంది. చావు జరిగిన ఇంటికి పోతే నాకు కుర్చీ వేస్తారు. నేను కూర్చోను. ఓదార్చే మాటలు నాకు చేతకావు. బిందె కనిపిస్తే నీళ్లు తెస్తాను, పొయ్యి ఆరిపోయి ఉంటే వెలిగిస్తాను. మా చేలో మాత్రం ఎవరు ఏ గుంత తవ్వినా పని మానుకుని పోయి నిలబడతాను. పారను మెల్లగా దించమని చెబుతాను.