బొగ్గు వ్యాగన్ మీద ఉత్తరం

అందరూ బాగున్నారా? మోకాళ్ల నొప్పుల అక్కలు, షుగరున్న అన్నలు, గని నుంచి రిటైరైనా దగ్గు వదలని కాకలు... గోలీలు మరవకుండా వేసుకుంటున్నారా? నాలుగు రోజులు ఎవరి పోస్టూ కనబడకపోతే నాకు ఒకటే ఫికర్...

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనకే బొగ్గు రైలు పట్టాలు. మా పెద్దక్కను కొత్తగూడెం గనిలో పనిచేసే బావకిచ్చారు. అక్కడికి పోవాలంటే బస్సు మీద బస్సు మారాలి, బాపుకు సెలవు దొరకాలి. అక్క ముఖం ఏడాదికోసారి కనబడితే గొప్ప.

బొగ్గు ఊళ్లన్నిటికీ ఒకటే పట్టా అనుకున్నాను నేను. ఒకరోజు ఆగి ఉన్న వ్యాగన్ మీద చాక్‌పీసుతో రాశాను... 'అక్కా బాగున్నవా, ఎప్పుడొస్తవ్' అని. రెండో తరగతి చదువు, వంకర అక్షరాలు.

వారానికి ఆ వ్యాగనే ఖాళీగా తిరిగొచ్చింది. నా రాత అట్లాగే ఉంది. కింద జవాబు లేదు... ఎంత ఏడ్చానో.

అక్క కాన్పుకు వచ్చినప్పుడు నేను దగ్గరికి పోలేదు.

"ఏందే, మూతి గట్ల ముడుచుకున్నవ్?"

"బొగ్గు రైలు డబ్బా మీద రాస్తే జవాబియ్యలే నువ్వు!"

బాపు పడీ పడీ నవ్వాడు. "పిచ్చిదానా, ఆ బొగ్గు పక్కనున్న కరెంటు ప్లాంటుకు పోతదే. కొత్తగూడెం మొఖమే సూడదది."

అక్క నవ్వలేదు. నన్ను దగ్గరికి తీసుకుంది. "వచ్చినా నాకు సదువ రాదు గదనే... ఏం రాసినవో నువ్వే సదివి చెప్పు."

చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పించుకుంది...

ఇప్పుడు మా గోదావరిఖని, జ్యోతినగర్, రామగుండం అతుక్కుపోయాయి. ఏ ఊరు ఎక్కడ అయిపోతుందో షేర్ ఆటో అబ్బాయికే తెలియాలి. కొత్తగూడానికి పొద్దున బస్సెక్కితే ఆ పూటే చేరుతాం. ఫోన్లో మనిషి ముఖమే కనబడుతుంది. దారులన్నీ కలిశాయి...

మొన్న ఆ ఫోన్లోనే అక్క నన్ను చాలాసేపు చూసింది. "ఎవరు బిడ్డా నువ్వు? ఖనిల మా చెల్లె ఉంటది... నీకు ఎరుకనా?" అంది.

ఎరుకే అన్నాను.

మీ చిన్నప్పుడు ఊరి నుంచి ఊరికి కబురు ఎట్లా పోయేదో మీరూ రాయండి. నాకు మాత్రం ఒకటే గుబులు... వాన పడుతుందేమో, బస్సు తప్పుతుందేమో, నేను పోయేసరికి ఆ ఖని చెల్లెను కూడా మరిచిపోతుందేమో. పోయి దగ్గర కూర్చుని, ఆనాడు ఏం రాశానో మళ్లీ చెప్పాలి.

పదిహేనో తారీఖు, ఆదివారం... మొదటి బస్సుకు.