వదిన అడిగిన ఆఖరి పేరు

"చేపకు పేరు తెలిస్తే దానికేం ఒరుగుతుంది వదినా?"

చాలా ఏళ్ల కిందట సుజాత వదినను ఇలా అడిగాను. నిన్న పొద్దున అన్న ఫోన్ చేసి "మీ వదిన పోయిందిమ్మా" అన్నప్పుడు ఏడుపు రాలేదు. ముందు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా. ప్రొద్దుటూరులో మా అన్న బంగారం అంగడి. ఆ పైన ఇంట్లో వదిన సముద్రపు చేపల ట్యాంక్. నీళ్లలో ఉప్పు కలిపి సముద్రాన్ని తనే తయారు చేసుకునేది. వేలెడంత కూడా ఉండని గోబీ చేపలంటే ప్రాణం. షాపుల్లో రకరకాల వాటిని ఉత్త "గోబీ" అనే అమ్ముతారు. ఏ గోబీయో తేలక, ట్యాంకులు పెట్టుకున్న వాళ్లంతా వదినకే ఫోటోలు పంపేవాళ్లు.

"పైనుంచి తీస్తే నాకేం తెలుస్తాదప్పా? అద్దానికి అతుక్కున్నప్పుడు పొట్ట కనపడేట్ల తీయి" అని వాయిస్ మెసేజ్ పెట్టేది.

పొట్ట కింద రెక్కలు చిన్న గిన్నెలా కలిసి ఉన్నాయా లేదా చూసి, ఏ రకమో తేల్చుకున్నాకే మిగతా మాటలు.

ఒకసారి పులివెందుల నుంచి మెడికల్ షాపాయన ఫోటో పంపాడు. చేప చిక్కిపోతోందని. వదిన ఉండబట్టలేక నన్ను వెంటేసుకుని, జమ్మలమడుగులో బస్సు మారి మరీ వెళ్లింది. అన్న నగలు చూసే భూతద్దం కంటికి పెట్టుకుని ట్యాంక్ ముందు కూర్చుంది.

"దినామూ మేత వేస్తానే ఉండా కదక్కా" అన్నాడాయన.

"ఇది ఇసక నోట్లో పోసుకోని జల్లించి తినే జాతప్పా. నువ్వు పైన వేస్తాండావు, అది కింద ఎతుకుతాంది. ఇసకేమో తళతళ కడిగి పెట్టినావు. దాంట్లో ఏముంటాది దానికి? నీ అంగట్లో జ్వరమొచ్చినోళ్లకు దగ్గుమందు ఇస్తావా ఏంది?"

ఆయన నవ్వి చేపను వదినకే ఇచ్చేశాడు. తిరుగు బస్సులో నీళ్ల కవర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అడిగాను ఆ ప్రశ్న.

"పేరు తెలీకుంటే ఏం పెట్టల్లో ఎట్ల తెలుస్తాది పాపా? మన కండ్ల ముందరే ఆకలితో పోతాది."

అలాంటి వదినకు జబ్బు చేస్తే, దాని పేరు చెప్పొద్దని అన్న మా అందరి చేత ఒట్టు వేయించుకున్నాడు.

"చెప్పాకండి. తెలిస్తే ఆ దిగులుకే పోతాది. అల్సరనండి."

అన్నకు వదినంటే ఎంత ప్రేమో నాకు తెలుసు. తప్పు అనడానికి నోరు రాదు.

ఒక మధ్యాహ్నం హాస్పిటల్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"పాపా, నా జబ్బు పేరేంది?"

"అల్సర్ వదినా."

చాలాసేపు నన్నే చూసింది. సరిగ్గా పడని ఫోటోను చూసినట్టు.

"అల్సరయితే పెరుగన్నం తినొచ్చు కదా. తీసకరా మరి."

కష్టం మీద రెండు ముద్దలు తినింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నమ్మి తినిందా? నా ముఖం చూసి నా కోసం తినిందా?

పేరు తెలిసుంటే ఆ రోజుల్లో తనకేం కావాలో అదే అడిగి చేయించుకునేదేమో. అన్న భయపడినట్టు కుంగిపోయేదేమో కూడా.

పోయిరా వదినా. ఇక ఏ నొప్పీ లేకుండా, నెమ్మదిగా ఉండు.

నీకు పేరు చెప్పి ఉండాల్సిందో, కాదో... నేనింకా తేల్చుకోలేదు.